ఆవిరి పట్టిన పట్టుకాయలు

1996 అక్టోబర్ 28, సోమవారం

రాయండి రావు గారూ. మొదట ఇది రాయండి. హనుమమ్మ అనే నేను అశోక్‌నగర్‌లో కిరాయి ఇంట్లో, కొడుకు రాఘవేందర్ దగ్గర ఉంటున్నాను. నాకు చదువు రాదు. నోరు ఉంది. ఆ నోటి మీదే ఇప్పుడు నింద పడింది, అందుకే కోర్టుకు కేసు రాయించినట్టు రాయిస్తున్నాను.

ఇవాళ పొద్దున నా కొడుకు చెప్పుల్లో కాళ్ళు పెడుతూ ఒక మాట అన్నాడు. అన్నది అన్నట్టే పెట్టండి.

"నీ నోటికి దండం పెడ్తనే అమ్మ. నీ లొల్లికే అది మంచం దిగుతలేదు."

అది అంటే నా కోడలు శ్రీలక్ష్మి. బతుకమ్మ పండుగకు ముందు కాన్పుకు ఆసుపత్రికి పోయింది. మగపిల్లవాడు. ఊపిరి లేకుండా పుట్టాడు. ఇంటికి వచ్చిన రోజు గోడ వైపు తిరిగి దుప్పటి కప్పుకుంది. అప్పటి నుంచి గోడే. బాత్రూముకు లేస్తుంది, పెడితే రెండు ముద్దలు మింగుతుంది, మళ్ళీ గోడ. మొగుడితో మాట లేదు, ఎనిమిదేళ్ళ కూతురు నవతతో కూడా మాట లేదు.

నేను ఏమన్నాను? లేవమన్నాను. తలకు పోసుకోమన్నాను. జుట్టు దువ్వుతానన్నాను. పోయినవాడు పోయాడు, ఉన్నదాన్ని చూసుకో అన్నాను. ఇందులో తప్పు మాట ఏదో వేలు పెట్టి చూపించమనండి. కొంచెం గట్టిగా అన్నాను, నిజమే. మగ్గాల చప్పుడులో పెరిగిన గొంతు ఇది, తగ్గమంటే ఎట్లా తగ్గుతుంది?

ఆసుపత్రిలో జరిగింది ఇందులోకి తేవద్దు. అట్లాంటి బిడ్డను తల్లికి చూపించరు. చూస్తే మనసు అక్కడే ఉండిపోతుందని పెద్దవాళ్ళు చెప్పారు, పద్ధతి ప్రకారం చేశాం. మగవాళ్ళు అంబర్‌పేట శ్మశానానికి తీసుకుపోయారు. అయిపోయింది. అది కేసులో లేదు.

మీ సంగతి కూడా ఒక ముక్క పెట్టండి. మీ పేరు వీరరాఘవరావు, పక్క వాటాలో ఉంటారు, నారాయణగూడ ప్రెస్సులో ప్రూఫులు దిద్ది దిద్ది కళ్ళు పోగొట్టుకున్నారు, విన్న మాట బయట పెట్టరు. నేను చెప్పింది మీరు పుస్తకం భాషలోకి మారుస్తారని నాకు తెలుసు. మార్చుకోండి. నా మాటకు ఇస్త్రీ చేసినా నాకు ఫరవాలేదు. ఎదుటివాళ్ళ మాటలు మాత్రం ముట్టుకోవద్దు. కేసులో ఎదుటివాడి మాట మారిస్తే కొట్టేస్తారు.

అక్టోబర్ 30, బుధవారం

ఇవాళ గొప్ప సంగతి. నవత బడి నుంచి వచ్చి సంచి పడేసి నా ముందు కూర్చుంది.

"నాయనమ్మా, మా మిస్సు బోర్డు మీద నాలుగు బొమ్మలు గీసింది. గుడ్డు, పురుగు, గూడు, సీతాకోకచిలుక. మల్ల గుడ్డు. గుండ్రంగ తిరుగుతనే ఉంటది."

"ఎందుకు తిరుగుతది? పనిలేకనా?"

"జీవితచక్రం అంటరు దాన్ని. నీకు తెల్వదు తియ్యి."

పిల్లలందరూ ఏదో ఒక ప్రాణం ఉన్నది తేవాలట, అది ఎట్లా మారుతుందో రోజూ చూడాలట. సృజన్ అనే పిల్లవాడు ఇందిరా పార్కు నుంచి హార్లిక్స్ సీసాలో కప్పపిల్లలు తెచ్చాడట. ఇంకొకడు తడిగుడ్డలో శనగలు కట్టి తెచ్చాడట. "నాకే ఏం లేదు" అన్నది, మూతి ముడిచి. ఈ ఇంట్లో ఆ పిల్లకు ఇప్పుడు ఏదీ లేదు. తల్లి మాట కూడా లేదు.

"నీకు లేకపోవుడేంది? మా తాతల కాడికెల్లి పట్టు తోటే బతికినం" అని, అటక మీది డబ్బా దింపాను.

దసరాకు నా తమ్ముడు రాజేశం మహాదేవపూర్ నుంచి తెచ్చిన దసలి పట్టుకాయలు. మద్దిచెట్ల మీద పురుగు కట్టేవి, చిన్న కోడిగుడ్డంత ఉంటాయి, తొడిమ కూడా ఉంటుంది. నా పెళ్ళయ్యేదాకా ఆ కాయల దారం తొడ మీద తీసినదాన్ని నేను. మనవడికి మొలతాడు పేనుదామని తెమ్మన్నాను. పిల్లవాడు పోయిన కబురు వాడికి అందలేదు, కాయలు పట్టుకుని నవ్వుకుంటూ వచ్చాడు. ఆ ముక్క కొట్టేయండి. వద్దు, ఉండనివ్వండి.

కాయలు మంచివి. పద్ధతిగా చేసినవి. వాడు తెచ్చిన రోజే ఇడ్లీ గిన్నెలో నీళ్ళు పోసి, పైన కాయలు పేర్చి, మూత పెట్టి ఆవిరి పట్టాను. తర్వాత మిద్దె మీద ఎండబెట్టాను. కాయ ఇంటికి వస్తే మొదటి పని అదే. ఆలస్యం చేస్తే లోపలిది తొలుచుకుని బయటపడుతుంది, దారమంతా తెగిపోతుంది. ఒక్క కాయకు బొక్క పడితే మా అమ్మ ఇంటిల్లిపాదినీ తిట్టిపోసేది. వీటిలో ఒక్కదానికి కూడా గీత లేదు. ఎవరూ చెప్పకుండానే చేశాను. ఆ రోజు ఇంట్లో చూసేవాళ్ళు ఎవరున్నారు? కొడుకు దుకాణంలో, పిల్ల ఆటలో, కోడలు గోడలో.

ఐదు కాయలు దూదిలో పెట్టి ఇచ్చాను.

నవంబర్ 1, శుక్రవారం

టీచరమ్మ నవతను నిలబెట్టి క్లాసు మొత్తం చేత చప్పట్లు కొట్టించిందట. ఇది తప్పక రాయండి.

నవంబర్ 4, సోమవారం

టీలో చక్కెర మీరే వేసుకోండి.

సాయంత్రం నవతను తీసుకురావడానికి చిక్కడపల్లి పోయాను. బడి అంటే కూరగాయల మార్కెట్ వెనక సందులో ఒక పాత ఇల్లు, వరండాలో మూడో తరగతి. నళిని టీచరమ్మ నన్ను చూసి ఎదురొచ్చింది. చిన్నపిల్ల, సన్నని గొంతు, చేతుల నిండా సుద్దపొడి.

"పెద్దమ్మా, మంచిగ వచ్చినరు. ఒక్కటి అడగాలె. అవి ఎప్పుడు బయటికొస్తయి?"

"ఏవి?"

"గవే, సీతాకోకచిలుకలు. గూళ్ళకెల్లి."

నేను ఆమె ముఖం చూశాను. వేళాకోళం కాదు, నిజంగానే అడుగుతోంది. నా బతుకులో ఎవరూ నన్ను ఆ ప్రశ్న అడగలేదు. ఎక్కడ బయటికొస్తుందో అని భయపడేవాళ్ళను చూశాను. రావాలని కూర్చుని ఎదురుచూసేవాళ్ళు కూడా ఉంటారని నాకు ఎట్లా తెలుస్తుంది? ప్రాణం ఉన్నది తెమ్మన్నారని పిల్ల చెప్పింది, నిజమే. పట్టుకాయ అంటే పట్టు అని నాకు తెలుసు. అది ప్రాణం అని ఎప్పుడూ అనుకోలేదు.

చెప్పుల డబ్బాకు బొక్కలు పెట్టి, దూది పరిచి, బల్ల మీద పెట్టారు. గోడకు కాగితం అంటించారు. అల్లరి చేయరాదు అని రాశారట. రోజుకొక పిల్ల కావలి. నవత ఒక కాయ తీసి నా చెవి దగ్గర ఊపింది.

"విను నాయనమ్మా, గలగలమంటది! లోపల తిరుగుతున్నది!"

పిల్లలందరూ వంతులవారీగా చెవి పెట్టి విన్నారు. కళ్ళు ఇంతింత చేసుకుని.

ఆ చప్పుడు నాకు తెలుసు. పచ్చి కాయను ఊపితే బరువుగా ఒక్కసారి తగులుతుంది. గలగలమన్నదంటే లోపలిది ఎండి గింజైపోయిందని.

"పధ్నాలుగు తారీకు బాలల దినోత్సవం పెద్దమ్మా. అందరి అమ్మానాన్నలు వస్తరు. అప్పటికి ఒక్కటన్న వస్తదా?"

నవత నా కొంగు పట్టుకుని పైకి చూస్తోంది.

"వస్తయి" అన్నాను.

రాయండి రావు గారూ. ఆ మాట నేను అనలేదు. నా నోరు అన్నది.

నవంబర్ 5

ఇవాళ ఏమీ లేదు. టీ తాగి వెళ్ళండి.

నవంబర్ 6, బుధవారం

నవత ఇంట్లో మునివేళ్ళ మీద నడుస్తోంది. మొదట ఏదో ఆట అనుకున్నాను. నేను గిన్నె కింద పెడితే మూతి మీద వేలు పెట్టి చూపించింది. కుక్కర్ కూత వేస్తే పరుగెత్తి తల్లి గది తలుపు దగ్గరికి వేసింది.

నేను రోజూ అన్నట్టే, "పొద్దు నెత్తి మీదికొచ్చింది శ్రీలక్ష్మి, జర లేచి కూసో" అన్నాను. ఆ పిల్ల వచ్చి నా నోటి మీద చెయ్యి పెట్టింది. నా నోటి మీద! ఈ ఇంట్లో అంత ధైర్యం మీ రాఘవేందర్‌కు కూడా లేదు.

"లేపొద్దు నాయనమ్మా. అమ్మ గూట్లున్నది."

"ఏ గూట్ల?"

"మిస్సు చెప్పింది. గూట్లున్నప్పుడు తినది, మాట్లాడది, కదలది. చచ్చిపోయినట్టే ఉంటది గని చావలేదు. లోపల మారుతుంటది. మనం సాయం చేస్తమని తొందరపడి గూడు కత్తిరిస్తే రెక్కలు రావు, నిజంగనే చచ్చిపోతది."

"మనిషికి పురుగుకు పోలికేందే? మీ మిస్సుకు మతి లేదా?"

"మిస్సు అమ్మ సంగతి చెప్పలేదు. నేనే కనిపెట్టిన." గర్వంగా అన్నది. "ముందుగాల బడిలది రావాలె. అది వచ్చినంక అమ్మ వస్తది."

నాకు ఒళ్ళు మండింది. వీపు మీద ఒకటి వేద్దామని చెయ్యి ఎత్తాను. ఆ పిల్ల పక్కకు జరగలేదు.

"కొట్టు గని, సప్పుడు చెయ్యకు" అన్నది.

చెయ్యి దించాను.

సాయంత్రం రాఘవేందర్‌కు చెప్పాను. కాళ్ళు కడుక్కుంటున్నాడు, చెంబు ఖాళీ అయినా అట్లాగే వంగి నిలబడ్డాడు. "పోనియ్యే అమ్మ. దాన్ని గట్లనే అనుకోనియ్యి" అన్నాడు. వాడికి కాయల సంగతి తెలియదు. నేను చెప్పలేదు. చెప్పడానికి వాడు అడగలేదు కదా.

నవంబర్ 8, శుక్రవారం

నారాయణగూడ చౌరస్తా ఎస్టీడీ బూత్‌లో మీరు నా పక్కనే ఉన్నారు, నంబరు తిప్పింది మీరే. అయినా రాయండి, సాక్ష్యం ఉండాలి. మహాదేవపూర్‌లో కిరాణా దుకాణానికి ఫోన్ చేసి రాజేశాన్ని పిలిపించాం.

"ఏందక్క, అందరు మంచిగున్నరా?"

"ఉన్నరు. నాకు పచ్చి కాయలు కావాలె. రేపటి బస్సుకు పంపు."

"నేను తెచ్చినయి ఏమైనయి?"

"ఏమైతయి? ఆవిరి పట్టిన."

"మల్లేంది? దారం తియ్యి."

"నాకు దారం వద్దురా. లోపలిది బయటికొచ్చేటియి కావాలె."

"అక్క, నీ పానం మంచిగనే ఉన్నదా?"

"నా పానానికేమైంది? పంపుతవా లేదా?"

"ఎట్ల పంపాలె? ఇప్పుడు చెట్ల మీదికెల్లి దింపేటియి చలికాలం కాయలు. నిద్రపోతయి. మిరుగం వానలు పడితే గని లేవయి. నీకు తెల్వదా? నాకు నేర్పింది నువ్వేనాయె."

అవును, నేనే నేర్పాను. చలికాలం కాయను మూటగట్టి వేలాడదీస్తే తొలకరి దాకా కదలదు. బుద్ధి ఎక్కడ పోయింది నాకు?

అయితే ఒకటి చూడండి. వాడు దసరాకు తెచ్చినవి కూడా అవే కాయలు. అంటే నేను ఆవిరి పట్టకపోయినా ఈ పధ్నాలుగుకు బయటికి వచ్చేవి కావు. కాబట్టి తప్పు నాది కాదు, కాలానిది. ఇది పెద్ద అక్షరాలతో రాయండి.

తల ఊపరేం రావు గారూ? సరే, రాయండి చాలు.

నవంబర్ 10, ఆదివారం, దీపావళి

ఇంట్లో దీపాలు పెట్టలేదు. సందులో పిల్లలు లక్ష్మీబాంబులు పెడుతుంటే నవత గడప దిగి, నడుము మీద చేతులు పెట్టుకుని వాళ్ళతో కొట్లాడింది. "మా కిటికీ కాడ వద్దు, దూరం పోయి కాల్చుకోండ్రి!" అచ్చం నా గొంతు.

తర్వాత లోపలికి పోయి తల్లి చెవులకు తన రెండు చేతులూ అడ్డం పెట్టి కూర్చుంది. శ్రీలక్ష్మి కదలలేదు. దుప్పటి మీద నుంచి ఆ చేతుల్ని తోసేయనూ లేదు.

నవంబర్ 12, మంగళవారం

నిజం చెప్పేద్దామని బడి గంట కొట్టకముందే పోయాను. తోవంతా మాటలు కూడబెట్టుకున్నాను.

"టీచరమ్మా, అవి చచ్చినయి. నేనే ఆవిరి పట్టిన. ఇంక రావు."

ఆమె నవ్వబోయి ఆగిపోయింది. పిల్లలు కూర్చునే పొట్టి బెంచీ మీద కూర్చుంది, మోకాళ్ళు గడ్డం దాకా వచ్చాయి.

"పెద్దమ్మా, నవత ఇంటర్‌వెల్‌కు గూడ బయటికి పోతలేదు. డబ్బ కాడనే కూసుంటది."

"తెలుసు."

"మొన్న నన్నడిగింది, మనుషులు ఎన్ని రోజులు గూట్ల ఉంటరు మిస్ అని."

"నువ్వేం చెప్పినవు?"

"ఒక్కొక్కలది ఒక్కోతీరు అని చెప్పిన. ఇంకేం చెప్పాలె? నాకప్పుడు అర్థం గాలె. తర్వాత అర్థమైంది." చేతుల సుద్ద చూసుకుంది. "పుస్తకంల నాలుగు బొమ్మలున్నయి పెద్దమ్మా. ఒకదానికెల్లి ఒకదానికి బాణం గుర్తు. నడుమ ఆగిపోతే ఏం చెప్పాలనో రాసి లేదు."

"పాఠం చెప్పింది నువ్వు. ఇది గూడ నువ్వే చెప్పు."

"నాతోని గాదు. మీరు ఇంటోళ్ళు, పెద్దోళ్ళు. మీరే చెప్పుండ్రి."

"జీతం తీసుకునేది నువ్వు."

"ఆవిరి పట్టింది మీరు."

చిన్నపిల్లే కానీ గురి చూసి కొట్టింది. కొట్టి, తనే ఏడ్చింది. నేను నా కొంగు ఇచ్చాను. నువ్వు చెప్పంటే నువ్వు చెప్పని ఒకరికొకరు దండాలు పెట్టుకుంటూ నిలబడ్డాం. గంట కొట్టారు, పిల్లలు వచ్చారు, నవత అందరికంటే ముందు వచ్చి డబ్బా మూత ఎత్తి చూసింది.

చెప్పలేదు. ఎవరమూ చెప్పలేదు.

నవంబర్ 13, బుధవారం

టీచరమ్మ ఏం చేసిందో చూడండి. ఇంట్లో వెచ్చగా ఉంటుంది, ఈ ఒక్కరోజు నువ్వు ఉంచుకో అని డబ్బాను నవత చేతికిచ్చి ఇంటికి పంపేసింది. నాకు తిట్టే హక్కు లేదు. నేనైనా అదే చేసేదాన్ని.

నవత డబ్బాను తల్లి గది కిటికీలో, సరిగ్గా తల్లి తల దగ్గర పెట్టింది. "ఇద్దరు ఒక్క కాన్నే ఉంటే మంచిది" అన్నది.

నేను కూర్చోబెట్టి చెప్పాను. "బిడ్డ, ఇవి చలికాలం కాయలు. ఇప్పుడు రావు. మిరుగం వానలు పడేదాక నిద్రపోతయి."

చలికాలం కాయలు నిద్రపోతాయి, నిజం. ఇవి చలికాలం కాయలు, అదీ నిజం. రెండు నిజాలు పక్కపక్కన పెట్టాను, మధ్యలో ఉన్నది దాచాను.

"మిరుగం అంటే ఎప్పుడు?"

"ఎండకాలం సెలవులు అయిపోయినంక."

పిల్ల గోడ మీది క్యాలెండర్ దగ్గరికి పోయింది. డిసెంబర్ కాగితం ఎత్తి చూసింది. దాని కింద ఇంకేమీ లేదు, అట్ట ఉంది.

"అమ్మ గూడ అప్పటిదాకనా?" అన్నది.

నేను వంటింట్లోకి పోయి కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగాను.

నవంబర్ 14, గురువారం

అడ్డం రాకుండా రాయండి. ఆగితే మళ్ళీ చెప్పలేను.

రాఘవేందర్ దుకాణానికి పోయాడు. నవతకు రంగుబట్టలు వేసి, జడలు వేసి, రిబ్బన్లు కట్టాను. కదలదే. కిటికీ దగ్గర నిలబడి, "ఒట్టి డబ్బతోని ఎట్ల పోవాలె? అందరు అడుగుతరు" అన్నది. ఒక కాయ తీసి చెవి దగ్గర ఊపింది. వినడం. మళ్ళీ ఊపడం. ఏడుస్తూనే ఊపుతోంది, చప్పుడు లేని ఏడుపు, ఈ మధ్య అదే నేర్చుకుంది.

"ఊపకు" అన్నారు ఎవరో.

పక్కింటి రేడియో అనుకున్నాను. అంత మరిచిపోయాను ఆ గొంతును.

"ఊపకు బిడ్డ. లోపల లేదది." శ్రీలక్ష్మి. ఇంకా గోడ వైపే ఉంది.

"ఉన్నదమ్మా! సప్పుడొస్తున్నది."

"సప్పుడొస్తున్నదంటే లేదు."

తర్వాత ఇటు తిరిగింది. మోచేయి మీద లేచి, ఆగి, గోడకు ఆనుకుని కూర్చుంది. ఒక చెంప మీద దిండు గుర్తులు, జుట్టు అట్టకట్టింది. నా వైపు చూసి, "అత్తమ్మ, బ్లేడు తే" అన్నది.

రాఘవేందర్ గడ్డం గీసుకునే బ్లేడు నా చేతిలో ఉంది. ఆమె చెయ్యి చాపి ఉంది. ఇవ్వాలా వద్దా? నా గుండె ఎట్లా కొట్టుకుందో రాయడం మీకు రాదు, వదిలేయండి. ఇచ్చాను.

కాయ గట్టిది, తెగదు. ఆమె వేళ్ళలో బలం లేదు. నేను సాయం పోలేదు. నవత "కొయ్యొద్దమ్మా, చచ్చిపోతది" అని అరిచింది. "ఇంతకుముందే పోయింది" అని ఆమె కోస్తూనే ఉంది. కోసిన చోట వేళ్ళు పెట్టి విప్పి, లోపలిది నవత అరచేతిలో పోసింది.

గోధుమరంగు, ముడతలు, వేలి కణుపంత. రెక్కలు వచ్చేచోట మడతలు కూడా కనబడుతున్నాయి.

"మంచిగ చూడు" అన్నది తల్లి.

పిల్ల చూసింది. "ఎప్పుడు చచ్చిపోయింది?"

"నువ్వు బడికి కొంచవోకముందే."

"నీకెట్ల తెలుసు?"

"ఇడ్లీ గిన్నె మూత సప్పుడు విన్న. వాసన గూడ వచ్చింది."

అంటే అన్ని రోజులూ ఆ గోడ వైపు తిరిగి అన్నీ వింటూనే ఉంది. నా లొల్లి, పిల్ల మునివేళ్ళ నడక, నా అబద్ధం, అన్నీ.

"ఎవరు చేసిండ్రు?" అన్నది నవత. శ్రీలక్ష్మి నా వైపు చూపించవచ్చు. చూపించలేదు.

"నేనే" అన్నాను. "మా ఇంట్ల కాయ వస్తే గట్లనే చేస్తరు. నాకు ఇంకోతీరు తెల్వదు."

దీని కింద గీత గీయండి.

నవత నన్ను తిట్టలేదు. అరచేతిలోది చూస్తూ, "మరి నువ్వెప్పుడు వస్తవమ్మా?" అన్నది.

"నేను గూట్ల లేను బిడ్డ. నాకు దుఃఖమైతున్నది. గంతే."

"రెక్కలు రావా?"

"రావు."

అప్పుడు ఏడ్చింది ఆ పిల్ల. గొంతెత్తి, సందంతా వినబడేటట్టు. మీరు కూడా విన్నారు, పరుగెత్తుకుని వచ్చారు. చాలా సేపటికి ముక్కు తుడుచుకుని, "నేను బడికి పోత. అందరికి చూపియ్యాలె. పాపం, రోజు చెవు పెట్టి విన్నరు" అన్నది. మీరే చెయ్యి పట్టుకుని తీసుకుపోయారు, కాబట్టి తర్వాతది మీకు తెలియదు.

మేమిద్దరమే ఉన్నాం.

"అత్తమ్మ."

"ఏంది బిడ్డ."

"గీ పురుగును చూసిన. నా కొడుకును చూడలే." బ్లేడును కాగితంలో మడిచి నాకు ఇచ్చింది. "ఆసుపత్రిల నువ్వే ఎత్తుకున్నవు గదా. ఎట్లుండె?"

ఈ నోరు ఎన్ని మాట్లాడింది రావు గారూ. మార్కెట్లో తూకాలవాళ్ళు నన్ను చూస్తే సర్దుకుంటారు. అది పద్ధతి, పెద్దలు చెప్పారు అని చెప్పబోయాను. రాలేదు.

అడిగింది చెప్పాను. ఏం చెప్పానో ఇవాళ రాయొద్దు.

నవంబర్ 18, సోమవారం

బడి సంగతి నవత చెప్పింది. టీచరమ్మ ఆ పురుగును పట్టుకుని బోర్డు ముందు చాలాసేపు నిలబడిందట, ఏమీ గీయలేదట. పిల్లలే స్కేలుతో గుంట తీసి పూడ్చారట.

"ఏడ?" అని అడిగింది శ్రీలక్ష్మి.

"జామచెట్టు కింద. గేటు పక్కకు."

ఆమె ఇంకేమీ అడగలేదు. అంబర్‌పేటలో ఎక్కడో రాఘవేందర్‌కు తెలుసు. వాడిని ఇంకా అడగలేదు.

శ్రీలక్ష్మి లేచిందని రాయకండి. లేవలేదు. ఆ రోజు కూర్చున్నది కూర్చున్నట్టే, సాయంత్రానికి మళ్ళీ పడుకుంది. నిన్నా అంతే, ఇవాళా అంతే. నేను దువ్వెన పట్టుకుని పోతే తల అడ్డంగా ఊపుతుంది. కాకపోతే ఇటు తిరిగి పడుకుంటోంది. నవత చప్పుడు చేస్తూ నడుస్తోంది. నాతో మాత్రం సరిగా మాట్లాడటం లేదు. మిగిలిన నాలుగు కాయలు డబ్బాతో సహా తన సంచిలో పెట్టుకుంది, నా చేతికి అందనీయదు.

శ్రీలక్ష్మి రోజూ అదే అడుగుతుంది. ఎట్లుండె అత్తమ్మ? నేను చూసింది కొంచెమే. ఆసుపత్రి వరండాలో, గుడ్డలో, వాళ్ళు తొందరపెడుతుంటే. చెప్పాను, అయిపోయింది. మళ్ళీ అడుగుతుంది. లేనిది కలిపి చెబుదామంటే ఆ కళ్ళ ముందు నోరు రాదు. ఉన్నదే మళ్ళీ చెబుతాను. నాకు మాటలు చాలకపోవడం ఇదే మొదలు. దీనికి నేనేం చెయ్యాలో మీ ప్రెస్సులో ఎవరైనా అచ్చు వేశారా?

కేసు రాఘవేందర్‌కు చదివి వినిపించాలా అంటారా? వద్దు. దాన్ని అట్లా ఉంచండి. ఆసుపత్రి చీటీ మీద మగ అని, తారీకు అని ఉందట, అంతే. మిగిలింది ఎక్కడా లేదు, నా దగ్గర ఉంది. నేను పోతే అదీ పోతుంది. కొత్త కాగితం తీసి ఇది రాయండి.

జుట్టు ఉంది. నల్లగా, తడిగా, నుదుటి మీదికి అంటుకుని. చెవులు వాళ్ళమ్మవి, ఎడమ చెవి పైన చిన్న మడత. ముక్కు ఇంకా ఎవరిదని చెప్పేటట్టు లేదు. పెదవులు ముదురు రంగు. కళ్ళు మూసి ఉన్నాయి, రెప్పల వెంట్రుకలు కనబడ్డాయి. బరువు ఉంది, చెయ్యి నొప్పి పుట్టేంత. కుడి చెయ్యి పిడికిలి. నేను విప్పి చూశాను. గోళ్ళు వచ్చాయి, కొంచెం పెరిగాయి కూడా. మళ్ళీ నేనే మూశాను.